మన పెయింట్‌బాల్ గన్ మనమే విప్పుకుందాం: మూసారాంబాగ్ నుంచి మొదలయ్యే కథ

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రోలో పోతుంటే న్యూ మార్కెట్ తర్వాత మూసారాంబాగ్ వస్తుంది, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. కోచింగ్‌కి రోజూ ఆ దారిన పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ మూసారాం ఒక ఫ్రెంచివాడు. పేరు మిషెల్ జోకిమ్ మారీ రేమండ్. ఆ పేరు మనోళ్ల నోట్లో నలిగి నలిగి హిందువులకు మూసారాం అయ్యింది, ముస్లింలకు మూసా రహీం అయ్యింది. టీవీ టవర్ దగ్గర, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. నల్లరాయి స్తంభం, దాని మీద రెండు అక్షరాలు, జేఆర్. అంతే. పక్కన ఉన్న మంటపం వానలకు కూలితే తర్వాత మళ్లీ కట్టారు.

పెయింట్‌బాల్ గన్ విప్పడం చూపిస్తానని చెప్పి ఈయన్ని ఎందుకు తెచ్చానంటే, మన ఏరియాలో తుపాకీ మెకానిజం గురించి మాట్లాడాలంటే మొదటి పేరు ఈయనదే. రేమండ్ 1755లో పుట్టాడు. 1775లో వ్యాపారం కోసం పుదుచ్చేరి వచ్చాడు, వ్యాపారం వదిలేసి సైనికుడయ్యాడు, చివరికి రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. నిజాం కోసం యూరప్ పద్ధతిలో సైన్యాన్ని తయారుచేశాడు. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అంటాం చూడండి, పాతవాళ్లు తోప్ కా సాంచా అంటారు, అక్కడ ఫిరంగులు పోత పోయించింది ఆయనే.

ఇప్పుడు ఆ కాలం తుపాకీ ఎలా ఉండేదో చూద్దాం. చెకుముకి తుపాకీ. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు విడుదలై చెకుముకి రాయి ఉక్కు మీద కొడుతుంది, నిప్పురవ్వ పడి మందు అంటుకుంటుంది. ఈ స్ప్రింగూ కొక్కేలూ ఉన్న భాగాన్ని లాక్ అంటారు. ప్రతి లాక్‌నీ ఒక పనివాడు కూర్చుని ఆకురాయితో అరగదీసి, ఒక్కో ముక్కని పక్క ముక్కకి సరిపోయేలా చేసేవాడు. ఈ తుపాకీ స్క్రూ తీసి ఆ తుపాకీకి పెడితే పట్టదు. యుద్ధంలో ఒక కొక్కెం విరిగితే ఆ తుపాకీ మూలన పడాల్సిందే, లేదా పనివాడి దగ్గరికి పోవాల్సిందే. సిపాయికి కాల్చడం వచ్చు, బాగుచేయడం రాదు. రాకపోవడం అతని తప్పు కాదు, వస్తువే అలా తయారైంది.

సరిగ్గా అప్పుడే ఫ్రాన్స్‌లో ఇంకో మనిషి దీన్ని మార్చే పనిలో ఉన్నాడు. ఆయన పేరు ఒనోరే బ్లాంక్. 1785లో అమెరికా రాయబారిగా ప్యారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్‌కి ఈయన 50 లాక్‌లు విప్పి, ముక్కల్ని అరల్లో వేరు వేరుగా పెట్టి చూపించాడు. జెఫర్సన్ ఏ ముక్క చేతికొస్తే ఆ ముక్క తీసుకుని తనే కొన్ని లాక్‌లు బిగించాడు. అన్నీ చక్కగా కూర్చున్నాయి. ఆ సంగతి అదే ఏడాది ఆగస్టులో ఉత్తరం రాసి ఇంటికి చెప్పాడు. తర్వాత ఈయన దేశాధ్యక్షుడయ్యాడని మీకు తెలుసు. నాకు మాత్రం తుపాకీ పనివాడు కాని మనిషి తుపాకీ లాక్ బిగించిన ఆ సీనే ముఖ్యం. ఈ రోజు మనం ఒక అలెన్ కీ పట్టుకుని మార్కర్ విప్పగలుగుతున్నామంటే దారి అక్కడ పడింది.

(మార్కర్ అంటే పెయింట్‌బాల్ గన్నే. ఆడేవాళ్లు గన్ అనరు, మార్కర్ అంటారు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.)

రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబర్‌లో ఇంగ్లీషు సేన చుట్టుముట్టి రేమండ్ తయారుచేసిన సైన్యం చేతిలోంచి ఆయుధాలు లాక్కుంది. సుమారు 14,000 మంది. అంత పెద్ద సైన్యం యుద్ధం లేకుండానే అయిపోయింది. సరే, ఆ కథ పెద్దది, ఇంకోసారి.

ఇప్పుడు మనకి కావాల్సింది మందు తుపాకీ కాదు, గాలి తుపాకీ. మీలో చాలామంది గాలి తుపాకీ అంటే జాతరలో బుడగలు కొట్టేది అనుకుంటారు. కానీ రేమండ్ బతికున్న రోజుల్లోనే ఆస్ట్రియా సైన్యం దగ్గర నిజంగా యుద్ధానికి తీసుకెళ్లిన గాలి తుపాకీ ఉండేది. జిరార్దోని అనే ఆయన చేశాడు, 1780 ప్రాంతంలో సైన్యంలోకి వచ్చింది. పొగ లేదు, మెరుపు లేదు. 20 గుండ్ల దాకా ఒక గొట్టంలో వరసగా పెట్టుకుని ఒకదాని వెనక ఒకటి కాల్చొచ్చు. మిగతా ప్రపంచం ఒక్కో గుండు నింపుకోవడానికి నానా తంటాలు పడుతున్న కాలం అది. భుజానికి ఆనించే వెనక భాగమే గాలి సిలిండర్. దాన్ని నింపాలంటే చేతిపంపుతో 1,500 సార్లు కొట్టాలి. సైకిల్ ట్యూబుకి 50 సార్లు కొట్టేసరికే మనకి చెమటలు పడతాయి.

అంత గొప్ప తుపాకీ 1815కల్లా సైన్యంలోంచి పోయింది. కారణాలు చాలా ఉన్నాయి గానీ అన్నింటి వెనకా ఒకటే సమస్య, మెయింటెనెన్స్. గాలి కారకుండా ఆపేది లోపలి తోలు వాషర్. తోలు తడిగా ఉంటేనే గాలిని పట్టుకుంటుంది, ఎండిందా, కారుతుంది. మామూలు సిపాయికి అది పట్టించుకునే ట్రైనింగ్ లేదు, బాగుచేసే పనివాళ్లు ప్రతి దళంలోనూ లేరు.

తోలు వాషర్ అంటే మీకు బొమ్మ కట్టకపోతే ఇంట్లో అమ్మమ్మని అడగండి. కిరసనాయిలు పంపు స్టవ్ ఉన్న ఇంట్లో అందరికీ తెలుసు. పంపు కొడితే గాలి ఎక్కకపోతే ఆ కడ్డీ బయటికి లాగి, చివర గిన్నెలా ఉండే తోలు వాషర్‌ని కొంచెం నూనెలో నానబెట్టి, అంచులు వేలితో విప్పార్చి మళ్లీ లోపలికి తోసేవాళ్లు. వెంటనే గాలి పట్టేది. సైకిల్ పంపుకీ అంతే. నాకు మార్కర్ విప్పడం నేర్పిన ఆయన మలక్‌పేటలో ఒకప్పుడు స్టవ్‌లు బాగుచేసిన తాత. పెయింట్‌బాల్ ఆయన జన్మలో ఆడలేదు. నేను పట్టుకెళ్లిన మార్కర్‌ని చెవి దగ్గర పెట్టుకుని, "బాబూ, ఇది సుయ్‌మంటోంది, ఎక్కడో రబ్బరు పోయింది" అన్నాడు. అంతే, విప్పకముందే రోగం తెలిసిపోయింది. ఆస్ట్రియా సైన్యం దగ్గర ఇలాంటి తాతలు ఊరికొకరు ఉంటే ఆ తుపాకీ ఇంకొన్నాళ్లు నడిచేదేమో అని నాకనిపిస్తుంది.

ఒకచోట మాత్రం అలాంటివాడు దొరికాడు. జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1804లో లూయిస్, క్లార్క్ అనే ఇద్దరి నాయకత్వంలో పసిఫిక్ సముద్రం దాకా దారి వెతకమని ఒక బృందాన్ని పంపాడు. వాళ్ల దగ్గర ఒక గాలి తుపాకీ ఉంది. దారిలో కలిసిన తెగలకు దాన్ని కాల్చి చూపించేవాళ్లు. 1805 జూన్‌లో, ఏ ఊరూ లేని చోట, దాని మెయిన్ స్ప్రింగ్ పాడైంది. బృందంలో జాన్ షీల్డ్స్ అనే కమ్మరి ఉన్నాడు. ఆయన స్ప్రింగ్ కొత్తది వేసేశాడు. ఈ మనిషి ఎవరి దగ్గరా పద్ధతిగా పని నేర్చుకోలేదు, తన పనిముట్లు తనే చేసుకుంటాడు అని లూయిస్ డైరీలో మెచ్చుకున్నాడు. మన దిల్‌సుఖ్‌నగర్‌లో సెకండ్‌హ్యాండ్ బైకుల దుకాణాల వెనక సందుల్లో పనిచేసే కుర్రాళ్లని చూస్తే నాకు షీల్డ్సే గుర్తొస్తాడు.

తోలు తర్వాత రబ్బరు వచ్చింది. గుండ్రటి గాజులా ఉండే ఓ-రింగ్. డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్లిన నీల్స్ క్రిస్టెన్సన్ అనే ఆయన 1930లలో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. గాడిలో కూర్చుంటుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ తనంతట తనే గోడకి ఇంకా గట్టిగా అదుముకుంటుంది. చూడ్డానికి ఏమీ లేదు, రూపాయికి ఒకటి దొరికేలా ఉంటుంది. కానీ 1986 జనవరిలో ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఏడుగురితో సహా గాల్లో ముక్కలైంది ఇలాంటి రింగు వల్లే. రాత్రి చలికి రబ్బరు బిగుసుకుపోయి వేడి గ్యాస్‌ని ఆపలేకపోయింది. ఈ చలి సంగతి గుర్తుపెట్టుకోండి, మన మార్కర్‌లోనూ వస్తుంది.

ఇక పెయింట్‌బాల్. ఇది యుద్ధం కోసం పుట్టలేదు. అమెరికాలో నెల్సన్ అనే పెయింట్ కంపెనీ ఉంది. అడవిలో నరకాల్సిన చెట్లకి గుర్తు పెట్టాలి, ప్రతి చెట్టు దగ్గరికీ బ్రష్ పట్టుకుని నడవలేరు. దూరం నుంచి రంగు విసిరే పరికరం కావాలి. చేపనూనె మాత్ర లాంటి జెలటిన్ గుళికలో రంగు నింపారు. దాన్ని గ్యాస్‌తో తోసే పిస్టల్‌ని డైసీ అనే గాలి తుపాకుల కంపెనీలో జేమ్స్ హేల్ రూపొందించాడు. 1970లలో వచ్చిన దాని పేరు నెల్‌స్పాట్ 007. చెట్లకీ, మందలో పశువులకీ గుర్తులు పెట్టడానికి వాడేవాళ్లు. మార్కర్ అనే మాట అందుకే నిలిచిపోయింది. పిడిలో 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గొట్టం, చేత్తో లాగే బోల్టు. గన్‌ని వంచితే తప్ప తర్వాతి బాల్ దొర్లి రాదు.

1981 జూన్ 27న న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రం, హెన్నికర్ ఊరి అడవిలో 12 మంది ఇవే పిస్టళ్లతో మొదటి ఆట ఆడారు. ఎవరికి కనపడకుండా జెండాలు తెచ్చుకోవాలి. గెలిచింది రిచీ వైట్ అనే ఫారెస్టర్, ఒక్కసారి కూడా కాల్చకుండా! అప్పట్లో లోపల ఆయిల్ పెయింటే, కడుక్కోవడానికి టర్పెంటైన్ కావాలి. నీళ్లతో పోయే రంగు తర్వాత వచ్చింది.

ఆట పట్టుకోగానే ఆడేవాళ్లే మార్కర్లు విప్పడం మొదలుపెట్టారు. బోల్టు లాగడం విసుగని పంపు పిడి తగిలించుకున్నారు, గొట్టాలు మార్చడం విసుగని పెద్ద సిలిండర్ తగిలించుకున్నారు. కంపెనీలు తర్వాత అవే చూసి అమ్మాయి. 1986లో అమెరికా చట్టం కొత్త మెషీన్‌గన్‌లు మామూలు జనానికి అమ్మకూడదంది. చిన్న సైజు మెషీన్‌గన్‌లు చేసుకునే డెనిస్ టిప్‌మన్ కుటుంబం ఆ దెబ్బకి పెయింట్‌బాల్ వైపు తిరిగింది. 1998లో వాళ్లు తెచ్చిన మోడల్ 98, ఆ తర్వాత వచ్చిన 98 కస్టమ్ ప్రపంచమంతా అద్దె గ్రౌండ్లలో తిరిగాయి. కిందపడేసినా పనిచేస్తాయి, ఎవరైనా విప్పొచ్చు.

వాళ్ల దేశం ఆట మనదాకా ఎలా వచ్చిందో మీకు తెలుసు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాటి విజయవాడ హైవే పట్టుకుంటే రామోజీ ఫిల్మ్ సిటీ, అందులో సాహస్ అనే అడ్వెంచర్ పార్కు, అక్కడ పెయింట్‌బాల్ ఉంది. కాలేజీ బస్సుల్లో పోయి మస్తు మంది మొదటిసారి మాస్క్ పెట్టుకున్నది అలాంటి చోట్లే. నేను చైతన్యపురిలో ఉంటూ రెండేళ్లు వీకెండ్‌లలో ఒక చిన్న గ్రౌండ్‌లో పనిచేశాను, పేరు అనవసరం. అక్కడ రూల్ ఏంటంటే మార్కర్ ఆగితే మూలన పెట్టు, వేరేది ఇవ్వు. నెల తిరిగేసరికి మూలన ఆరు. ఒక్కోదాంట్లో పోయింది ఒక్కో రబ్బరు రింగే. రేమండ్ సిపాయి కథే మళ్లీ. కానీ ఈసారి ముక్కలన్నీ ఒకదానికొకటి పట్టేవే, విప్పేవాడే లేడు.

అందుకే విప్పుదాం. 98 లాంటి దాన్నే తీసుకుంటున్నా.

ముందు మాస్క్ పెట్టుకోండి. ఇంట్లోనే కదా అనొద్దు. 17 మిల్లీమీటర్ల బాల్ సెకనుకి 300 అడుగుల దాకా వేగంతో వస్తుంది, అంటే గంటకి సుమారు 330 కిలోమీటర్లు. కంటికి తగిలితే ఆ కన్ను పోవచ్చు. బాల్స్ డబ్బా తీసేయండి. గొట్టం మూతికి తొడుగు వేయండి. సిలిండర్ తిప్పి తీసేయండి. ఇప్పుడు మార్కర్‌ని ఖాళీ గోడ వైపు పెట్టి, లోపల చిక్కుకున్న గ్యాస్ పోయేదాకా కాల్చండి. సిలిండర్ తీశాక కూడా ఒకటి రెండు షాట్లకి సరిపడా గ్యాస్ లోపల ఉంటుంది. దీన్ని మర్చిపోయినవాళ్లకే దెబ్బలు తగులుతాయి.

సిలిండర్ తిప్పేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. తిరగాల్సింది సిలిండర్, దాని తలకాయలోని వాల్వ్ మొత్తంగా. వాల్వ్ మార్కర్‌కి అంటుకుపోయి, సిలిండర్ ఒక్కటే దాన్నుంచి ఊడిపోతూ తిరుగుతుంటే వెంటనే ఆపేయండి. ఊడితే సిలిండర్ రాకెట్‌లా ఎగురుతుంది. అమెరికాలో ఇలా ప్రాణాలు పోయాక 2004లో అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ హెచ్చరిక ఇచ్చింది. వాల్వ్‌కీ సిలిండర్‌కీ కలిసేలా నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసి పెట్టుకోండి, గీత తప్పిందంటే వదులైందని తెలుస్తుంది. సిలిండర్ వాల్వ్ మాత్రం మనం విప్పే పని కాదు.

తర్వాత కింద పాత పంచె పరవండి. న్యూస్‌పేపర్ కంటే పంచె నయం, స్ప్రింగులు దొర్లిపోవు. మార్కర్ శరీరం కొబ్బరి చిప్పల్లా రెండు సగాలు, అలెన్ బోల్టులతో బిగించి ఉంటుంది. గ్యాస్ లైను విప్పి, బోల్టులు తీసి, పై సగం మెల్లగా లేపండి. లేపగానే ఫోన్‌తో ఫోటో తీయండి. ఏది ఎక్కడుందో మీకు చెప్పే గురువు ఆ ఫోటోనే.

లోపల పెద్దగా ఏమీ ఉండదు. వెనక బరువైన ఉక్కు సుత్తి, దాని వెనక పొడుగు స్ప్రింగు. ముందు బోల్టు. రెంటినీ కలిపే సన్నని కడ్డీ. మధ్యలో వాల్వ్. కింద ట్రిగ్గర్, దాని కొక్కెం. కొక్కెం సుత్తిని పట్టుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే వదిలేస్తుంది, స్ప్రింగు సుత్తిని ముందుకి తోస్తుంది, కడ్డీ వల్ల బోల్టు కూడా ముందుకెళ్లి బాల్‌ని గొట్టంలోకి నెడుతుంది. సుత్తి వాల్వ్‌ని కొడుతుంది. వాల్వ్ తెరుచుకుని గ్యాస్ రెండు వైపులా పోతుంది. ముందుకి పోయింది బాల్‌ని తోస్తుంది, వెనక్కి పోయింది సుత్తిని మళ్లీ కొక్కెం మీదికి నెడుతుంది. చెకుముకి తుపాకీలోని స్ప్రింగూ కొక్కెం, జిరార్దోని గాలి, క్రిస్టెన్సన్ రబ్బరు, అన్నీ ఇక్కడే ఉన్నాయి చూడండి.

సిలిండర్ అయిపోవచ్చే టైమ్‌లో మార్కర్ తనంతట తనే టకటకటక కాలుస్తుంది కదా. చాలామంది పాడైందనుకుని భయపడతారు. గ్యాస్ తక్కువై సుత్తి కొక్కెం దాకా వెనక్కి రావడం లేదు, అంతే. నిండు సిలిండర్‌తో కూడా అలాగే చేస్తే మాత్రం సుత్తి మీది ఓ-రింగ్ చూడండి, తర్వాత కొక్కెం అంచు అరిగిందేమో చూడండి. పగులు, చదునైపోవడం, గోరుతో నొక్కితే గట్టిగా ఉండటం, ఏది కనిపించినా రింగు మార్చండి.

నూనె దగ్గర మన మెకానిక్ అన్నలతో నాకు గొడవ. వాళ్లు ప్రేమగా డబ్ల్యూడీ-40 కొట్టేస్తారు. బైకు చైనుకి సరే, ఇక్కడ వద్దు. స్ప్రే డబ్బాల నూనెలు, పెట్రోలియం రకాలు ఈ రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తాయి, తయారీదారుల పుస్తకంలోనే రాసి ఉంటుంది. మార్కర్ నూనె అని చిన్న సీసా దొరుకుతుంది, రెండు మూడు చుక్కలు చాలు. తాత తోలుకి పట్టించినట్టు రింగు చుట్టూ వేలితో పట్టించండి.

ఇక మన ఎండ. ఇది ఆ పుస్తకాల్లో సరిగ్గా ఉండదు, వాళ్లు రాసింది వాళ్ల వాతావరణానికి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. 21 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి సుమారు 850 పీఎస్‌ఐ. బైకు టైర్‌లో 30 చిల్లర ఉంటుంది, పోల్చుకోండి. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు, అక్కడికే ఒత్తిడి వెయ్యి దాటుతుంది. మే నెలలో ఎల్బీనగర్‌లో పార్క్ చేసిన కారు డిక్కీ ఎంత వేడో మీకు తెలుసు. అందుకే సిలిండర్ నీడలో ఉండాలి, నిండా నింపించొద్దు, పొద్దున సెట్ చేసిన వేగాన్ని మధ్యాహ్నం మళ్లీ కొలవాలి. పొద్దున 280 అడుగులున్నది మధ్యాహ్నం 300 దాటితే అవతలివాడి ఒంటి మీద తేడా తెలుస్తుంది. ఇంకో తమాషా, బయట ఎంత ఎండున్నా, మార్కర్ వంచినప్పుడు ద్రవం లోపలికి వస్తే రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. ఛాలెంజర్ చలి, మన నడివేసవిలో. ఖర్చు భరించగలిగితే గాలి సిలిండర్‌కి మారడం మేలు.

వానాకాలంలో బాల్స్ తేమకి ఉబ్బుతాయి, జెలటిన్ కదా. ఉబ్బినవి గొట్టంలోనే పగులుతాయి. మూత గట్టి డబ్బాలో పెట్టండి, ఫ్రిజ్‌లో వద్దు.

బిగించేటప్పుడు ఫోటో చూసుకుంటూ వెనక్కి రండి. బోల్టులు ఒక్కోటి పూర్తిగా కాకుండా అన్నీ కొంచెం కొంచెం బిగించండి, అల్యూమినియం మర పోతే మళ్లీ రాదు. బిగించాక గ్యాస్ ఎక్కించి చెవి పెట్టి వినండి, గొట్టం మూతికి దూరంగా. సుయ్‌మంటే సబ్బునీళ్ల చుక్కలు వేయండి, బుడగ ఎక్కడొస్తే రోగం అక్కడ.

మార్కర్‌ని తీసుకెళ్లేటప్పుడు బ్యాగులోనే, విప్పి. మెట్రో వద్దు, స్కానర్‌లో అది తుపాకీలాగే కనిపిస్తుంది. మా మూలన పడ్డ ఆరింటిలో అయిదు ఇప్పుడు నడుస్తున్నాయి. ఆరోదాని వాల్వ్ సీటు అరిగింది, ఆ ముక్క ఇంకా దొరకలేదు. దొరికిన రోజు అది విప్పడం చూపిస్తా. అప్పటిదాకా ఉంటా.